ఆఖరి పడవ వెళ్లిపోయాక: ఇనిష్ మోర్ దీవిలో తక్కువ ఖర్చుతో రెండు రాత్రులు

ఐర్లాండు పశ్చిమ తీరంలో, గాల్వే అఖాతం ముఖద్వారానికి అడ్డంగా మూడు సున్నపురాతి దీవులు ఉన్నాయి. వాటిని అరన్ దీవులు అంటారు. మూడింటిలో పెద్దది ఇనిష్ మోర్. పేరుకు అర్థం కూడా ‘పెద్ద దీవి’ అనే. పొడవు 14 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా నాలుగుకు మించదు, జనాభా 800కు కాస్త అటూఇటూ. ఇళ్లలో, చర్చిలో, దుకాణం గల్లాపెట్టె దగ్గర వినిపించేది ఐరిష్ భాష. ఇంగ్లిషు అందరికీ వచ్చు కాబట్టి మీ పని ఆగదు.

ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది పొద్దున పదకొండుకు దిగి, మినీబస్సులో తిరిగి, సాయంత్రం ఐదుకు పడవ ఎక్కేస్తారు. ఆ ఆరు గంటలూ రేవు దగ్గర తిరునాళ్ల సందడి. అయిదున్నరకు వెళ్లి చూడండి, మూడు కుక్కలు, ఇద్దరు జాలరులు, మీరు. హాస్టల్లో ఒక మంచానికి డబ్బు కట్టడమంటే ఆ మిగతా పద్దెనిమిది గంటలను కొనుక్కోవడమే. అందుకే కింద చెప్పిన క్రమమంతా పగటి జనానికి ఎదురు నడిచేలా ఉంటుంది.

ముందు కాగితాలు, ఆ తర్వాత నెల

భారత పాస్‌పోర్టుతో వచ్చేవారికి ఐర్లాండు వీసా విడిగా కావాలి. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఇక్కడ చెల్లదు. బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు పడే పొరపాటు ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్‌లో బస్సెక్కితే సరిహద్దు దగ్గర ఎవరూ ఆపరు కాబట్టి అనుమతి అక్కరలేదనుకుంటారు. ఆపకపోవడం వేరు, అనుమతి ఉండటం వేరు. బ్రిటన్ విద్యార్థి వీసా ఒక్కటీ చాలదు. డబ్లిన్, గాల్వే, లిమెరిక్‌లలో ఇప్పటికే చదువుతున్నవారికి, ఉద్యోగాలు చేస్తున్నవారికి ఈ గొడవ లేదు, నేరుగా తర్వాతి మాటకు రావచ్చు.

నెల ఎంచుకోమంటే నేను మే అంటాను, కాదంటే సెప్టెంబరు మొదటి సగం. జూన్ నుంచి ఆగస్టు వరకు పర్యాటకులకు తోడు మరో వర్గం దిగుతుంది. ఐర్లాండు నలుమూలల నుంచి బడిపిల్లలు ఐరిష్ నేర్చుకోవడానికి వేసవి శిబిరాలకు వచ్చి, దీవి ఇళ్లలోనే వారాల తరబడి ఉంటారు. శిబిరంలో ఇంగ్లిషు మాట్లాడకూడదన్నది నియమం. ముచ్చటగానే ఉంటుంది కానీ పడవలు, పడకలు నిండిపోతాయి. శీతకాలంలో హాస్టళ్లు, భోజనశాలలు చాలావరకు మూసేస్తారు, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. అదే జూన్ నెలాఖరులో రాత్రి పదిన్నరకు కూడా ఆకాశంలో వెలుగు మిగిలే ఉంటుంది.

మంచం దొరికాకే పడవ టికెట్టు

ఈ వరుస తప్పొద్దు. పడవలో ఒకరికి చోటు ఏదో ఒక వేళకు దొరుకుతుంది. దీవిలో హాస్టళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, ఒక వారాంతం నిండితే నిండినట్టే. గుడారం ఉన్నవారికి శిబిరస్థలం ఉంది కానీ, ఆ గాలికి నిలిచే గుడారమేనా అని ఒకసారి ఆలోచించుకోండి.

బుక్ చేసే ముందు దీవి పేరును రెండుసార్లు చదవండి. ఐర్లాండు ఉత్తరాన డొనెగాల్ జిల్లాలో అరన్‌మోర్ అని ఇంకో దీవి ఉంది. అక్కడా ఐరిష్ మాట్లాడతారు, అక్కడికీ పడవలో వెళ్లాలి. ఇది చాలదన్నట్టు స్కాట్లాండులో అరన్ అనే మరో దీవి. వెతికే పెట్టెలో ‘అరన్ హాస్టల్’ అని కొడితే మూడూ కలగలిసి రావచ్చు. చిరునామాలో కిల్‌రోనన్ అనో, గాల్వే అనో ఉందంటే మీరు సరైన చోటే ఉన్నారు. కిల్‌రోనన్ అంటే రేవు ఉన్న ఊరు.

మంచం బుక్ చేసేటప్పుడు నాలుగు సంగతులు చూడండి: వంటగది ఉందా, దుప్పటి, దిండు గలీబులు అద్దెలోనే కలిశాయా, గదిలో ఎన్ని మంచాలు, లోపలికి ఎన్ని గంటలకు రానిస్తారు. ఫలహారం ఉచితమా కాదా అన్నది నా లెక్కలో చివరిది, ఎందుకంటే ఆ ఉచిత ఫలహారం చాలాచోట్ల రొట్టె, జామ్, పాలలో వేసుకునే గింజలు.

ఖర్చు ఉజ్జాయింపుగా ఇది. రానూపోనూ పడవకు 30 యూరోలు దాటుతాయి, గాల్వే నుంచి రేవుకు బస్సు పది, సీజనులో మంచానికి రాత్రికి 30 నుంచి 40, సైకిలుకు రోజుకు ఇరవై, డూన్ ఎంగస అనే రాతికోటకు టికెట్టు ఐదు. సొంతంగా వండుకుంటే రెండు రాత్రులకు, తిండితో సహా, 170 దగ్గర తేలుతుంది. ధరలు ఏటా కదులుతాయి కాబట్టి పది శాతం ఎక్కువే వేసుకోండి. విద్యార్థి కార్డు ఉంటే పడవ దగ్గరా, కోట దగ్గరా చూపించండి, రెండు చోట్లా తగ్గింపు ఉంటుంది. అడగకపోతే వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోవచ్చు.

సంచిలో ఏమి ఉండాలి

గొడుగు వద్దు. మొదటి గాలికే తిరగబడుతుంది. టోపీ ఉన్న వానకోటు, కుదిరితే వాన ప్యాంటు, చీలమండ పట్టి ఉంచే బూట్లు. మే నెలైనా ఒక స్వెట్టరు. అరన్ స్వెట్టరు అక్కడే కొనుక్కుందామనుకుంటే దాని ధర మీ మూడు రాత్రుల మంచానికి సమానమో, ఎక్కువో. చేత్తో అల్లినదా, మగ్గం మీద అల్లినదా అని చీటీ చూసి కొనండి, రెండింటి మధ్య ధరలో, పనితనంలో చాలా తేడా.

హాస్టలు కోసం: సొంత చిన్న తాళం, తువ్వాలు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు, కళ్లకు కట్టుకునే గుడ్డ. ఎనిమిది మంచాల గదిలో ఒక్కరు గురక పెట్టినా మిగిలిన ఏడుగురిదీ జాగరణే. వేసవిలో తెల్లవారుజామున ఐదుకే కిటికీ తెల్లబడుతుంది, ఆ గుడ్డ విలువ అప్పుడు తెలుస్తుంది. ప్లగ్గు మూడు దీర్ఘచతురస్రపు కాళ్ల బ్రిటిష్ రకం. మన గుండ్రటి కాళ్ల ప్లగ్గు అందులో దూరదు.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. భారతదేశం నుంచి నేరుగా వస్తుంటే నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి తీసుకురావద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి ప్రయాణికులు ఐరోపా యూనియన్‌లోకి తేవడం నిషేధం, విమానాశ్రయంలో పట్టుకుంటే చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు రెబ్బలకూ అదే గతి. ఆవకాయ, గోంగూర, కందిపొడి లాంటివాటితో ఆ బాధ లేదు. బియ్యం, కందిపప్పు, పసుపు గాల్వేలోని ఆసియా సరుకుల దుకాణంలో కొనుక్కుని వెళ్లండి. దీవిలో చిన్న సూపర్‌మార్కెట్టు ఉంది, అందులో డబ్బు తీసే యంత్రం కూడా ఉంది. రొట్టె, పాలు, గుడ్లు, బంగాళాదుంపలు దొరుకుతాయి. ప్రతి వస్తువూ సముద్రం దాటి రావాలి కాబట్టి ధర కాస్త ఎక్కువ. నగదు కొంత దగ్గర ఉంచుకోండి. పక్కనున్న చిన్న దీవులకు వెళ్లే ఆలోచన ఉంటే మరీ ముఖ్యం.

గాల్వే నుంచి రేవుకు

డబ్లిన్ నుంచి గాల్వేకు బస్సులో మూడు గంటల లోపే. గాల్వే నుంచి పడవ రేవు 37 కిలోమీటర్ల దూరంలో, తీరం వెంట పడమరగా ఉంది. దాని పేరు ఇంగ్లిషులో రోసవీల్, ఐరిష్‌లో రోస్ అ వీల్. ఆ ప్రాంతంలో రోడ్డు బోర్డుల మీద ఐరిష్ పేర్లే ఉంటాయి. ఫోనులోని పటం ఒక స్పెల్లింగు, బోర్డు ఇంకో స్పెల్లింగు చూపిస్తే కంగారు పడవద్దు.

పడవ సంస్థే గాల్వే నుంచి బస్సు నడుపుతుంది. పడవ వేళకు గంటన్నర ముందు బస్సు బయలుదేరుతుంది, దాని టికెట్టు వేరు. పడవ టికెట్టు కొని బస్సు గడిలో టిక్కు కొట్టడం మరచిపోయిన నాలాంటివాళ్లు ప్రతి ఉదయం ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. వేసవిలో గాల్వే ఓడరేవు నుంచే నేరుగా వెళ్లే పడవ కూడా ఉంది, గంటన్నర ప్రయాణం. రోస్ అ వీల్ నుంచి నలభై నిమిషాలే. దక్షిణాన క్లేర్ జిల్లాలోని డూలిన్ నుంచి వెళ్లే పడవలు శీతకాలంలో ఆగిపోతాయి, అలలు కాస్త పెరిగినా రద్దవుతుంటాయి. తిరిగి అందుకోవలసిన విమానం ఉన్నవారు రోస్ అ వీల్‌నే నమ్ముకోవడం మంచిది. ఎక్కడి నుంచి వెళ్లినా, విమానానికీ దీవికీ మధ్య ఒక రోజు ఖాళీగా వదలండి. ఐర్లాండు వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. గాలికి నారింజ రంగు వచ్చిందంటే పడవ ఉండదనే అనుకుని, హాస్టలుకు ఇంకో రాత్రి అడగండి.

సాయంత్రం వెళ్లే పడవ ఉంటే అదే ఎక్కండి. పగటి జనం వెనక్కి వస్తుంటే మీరు లోపలికి వెళ్తారు. వేళలు ఋతువును బట్టి మారతాయి, ముందురోజు మరోసారి చూసుకోండి.

సముద్రం పడనివారు అరగంట ముందే మాత్ర వేసుకుని, పడవలో వెనక భాగంలో, మధ్యగా, కింది అంతస్తులో కూర్చోండి. ముందు భాగమే ఎక్కువగా ఎగిరి పడుతుంది. ఫోను చూడొద్దు, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడండి. ఖాళీ కడుపుతోనూ వద్దు, ఇడ్లీ సాంబారు దట్టించినట్టు నిండుగానూ వద్దు.

దిగిన మొదటి గంట

రేవులో దిగగానే గుర్రపుబండివాళ్లు, మినీబస్సువాళ్లు పలకరిస్తారు. మర్యాదగానే అడుగుతారు, మర్యాదగానే వద్దనవచ్చు. ఎక్కదలిస్తే మాత్రం మనిషికి ఎంతో, బండికి ఎంతో తేల్చుకుని ఎక్కండి. కిల్‌రోనన్‌లో హాస్టలుకు నడిచే దూరమే.

హాస్టలులో మొదట చేయవలసిన పని తిండి పొట్లాల మీద పేరు, వెళ్లే తేదీ రాసి పెట్టడం. పేరు లేని పొట్లం అందరిదీ అని లెక్క. రెండోది, స్నానం త్వరగా ముగించడం. దీవి అంతా పగుళ్లు తీసిన సున్నపురాయి. ఎంత వాన కురిసినా పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది, నది అన్నది లేదు, ఎండలు కాస్తే నీటికి కటకటే. అట్లాంటిక్ మధ్యలో ఉండి నీళ్లకు ఇబ్బందా అని మొదట నాకూ నవ్వొచ్చింది.

మూడోది పోపు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, ఏ హాస్టలో చెప్పను, వంటగదిలో ఎవరూ లేరు కదా అని ఎండుమిరపకాయలు, ఆవాలు నూనెలో వేశాను. ఆవాలు చిటపటలాడేలోపే కప్పు మీది పొగ గంట మోగింది. పైన నిద్రపోతున్న పదిమంది చెప్పుల్లేకుండా వానలోకి వచ్చి నిలబడ్డారు. గంట ఆపాక హాస్టలు యజమానురాలు కోపపడలేదు, అదేమి వాసన అని అడిగి రెండు చెంచాల పప్పు రుచి చూసింది. ఆమె మంచితనం వేరు సంగతి, మీరు మాత్రం పోపు ఇంట్లోనే వేయించి చిన్న డబ్బాలో తెచ్చుకోండి. ఉడికిన పప్పులో కలిపితే చాలు.

బయట తినేటప్పుడు శాకాహారులు రెండు ప్రశ్నలు అడగాలి. కూరగాయల సూపును కోడి ఎముకల నీళ్లతో చేశారా? బంగాళాదుంప వేపుడు ఏ నూనెలో? దాచకుండా చెబుతారు. ఈ దీవి మేకపాల చీజ్ ప్రసిద్ధం, సోడా రొట్టె మీద రాసుకుని, పక్కన కాస్త ఆవకాయ నంజుకున్నాను. తప్పని ఎవరూ అనలేదు.

నాలుగు మాటలు, రెండు తలుపులు

భాష గురించి పెద్ద సన్నాహం అక్కరలేదు, అసలేమీ లేకుండా వెళ్లడం మాత్రం బాగుండదు. పలకరింపు ‘జీయ గ్విచ్’. దేవుడు నీకు తోడు అని దాని భావం. దానికి బదులు ‘జీయ స్ ముర గ్విచ్’, దేవుడూ మేరీమాతా తోడు అని. ఒకరు ఒకటంటే ఎదుటివారు ఒక మెట్టు పైకి వెళ్తారు. కృతజ్ఞతకు ‘గొ రెవ్ మహ్ అగత్’, వీడ్కోలుకు ‘స్లాన్’. ఉచ్చారణ తప్పితే సరిదిద్దుతారు, ఆ సరిదిద్దడంతోనే కబుర్లు మొదలవుతాయి. వాళ్లు మీతో ఇంగ్లిషుకు మారితే చిన్నబుచ్చుకోకండి. వాళ్లు తమలో తాము ఐరిష్‌లో మాట్లాడుకుంటుంటే మాత్రం మధ్యలో దూరి ఇంగ్లిషులో చెప్పమని అడగకండి. హైదరాబాదులో పక్కింటివాళ్లతో తెలుగులో మాట్లాడుతుంటే మిమ్మల్ని ఎవరైనా అలా అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రెండు తలుపుల సంగతి మాత్రం కంఠతా పట్టండి. మరుగుదొడ్డి తలుపు మీద ఎమ్, ఎన్, ఏ అక్షరాలు ఉంటే అది ఆడవాళ్లది. ఇంగ్లిషు మాటలో అక్షరాలు తారుమారయ్యాయనుకుని మగవాళ్లు దర్జాగా లోపలికి వెళ్లిపోతుంటారు. ఎఫ్, ఐ, ఆర్ అని ఉన్నది మగవాళ్లది. మనకు ఆ మూడక్షరాలు చూస్తే పోలీసు స్టేషనే గుర్తొస్తుంది, అయినా ధైర్యంగా వెళ్లవచ్చు.

మొదటి సాయంత్రం

సామాను పెట్టేసి నల్లకోట వైపు నడవండి. ఐరిష్‌లో డూన్ దూఖహర్ అంటారు. కిల్‌రోనన్‌కు దక్షిణంగా, ఎదురు తీరంలో కొండచరియ అంచున ఉన్న పాత రాతికోట. టికెట్టు లేదు, కాపలా లేదు, చివరి భాగంలో దారి కూడా సరిగ్గా లేదు. పగుళ్ల రాళ్ల మీద పాదం చూసుకుంటూ నడవాలి. వెలుతురు ఉండగానే వెనక్కి బయలుదేరండి. చూస్తూ చూస్తూ కాళ్లు విరగ్గొట్టుకునే నేల అది. అనుకోనిది జరిగితే ఫోనులో 112 కొట్టండి. రేవులో సహాయ పడవ ఉంటుంది, అవసరమైతే హెలికాప్టరు వస్తుంది.

రాత్రి ఏదో ఒక పబ్బులో పాట ఉంటుంది. మద్యం తాగనక్కరలేదు, టీ అడిగినా ఇస్తారు. మూలన ఖాళీగా కనిపించే బల్ల సంగీతకారులది, అక్కడ కూర్చోకండి. ఎవరైనా గొంతెత్తి వాద్యాలు లేకుండా ఐరిష్ పాట అందుకుంటే గదంతా నిశ్శబ్దమవుతుంది. గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెడతారు. ఆ ఐదు నిమిషాలూ ఫోను జేబులోనే ఉంచండి.

రెండో రోజు: జనం కంటే రెండు గంటలు ముందు

దీవికి పేరు తెచ్చినది డూన్ ఎంగస. సుమారు 3,000 ఏళ్ల నాటి రాతికోట, అర్ధచంద్రాకారపు గోడలు, నాలుగో వైపు గోడకు బదులు దాదాపు 100 మీటర్ల నిట్టనిలువు చరియ, కింద అట్లాంటిక్. తలుపులు తొమ్మిదిన్నరకు తెరుస్తారు. మొదటి పడవ జనం అక్కడికి చేరేసరికి పన్నెండు అవుతుంది. మీ ప్రణాళికంతా ఈ రెండు గంటల మీదే నడవాలి.

సైకిలు ముందురోజు సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి. బ్రేకులు, గేర్లు అక్కడే తొక్కి చూడండి. ఎనిమిదిన్నరకు బయలుదేరి, వెళ్లేటప్పుడు తీరం వెంట ఉన్న కింది దారి పట్టండి. ఎత్తులు తక్కువ. సముద్రం వెనక్కి తగ్గిన వేళైతే దారిలో రాళ్ల మీద సీల్ జంతువులు పడుకుని ఉంటాయి. దగ్గరకు వెళ్తే నీళ్లలోకి దూకేస్తాయి, రోడ్డు మీది నుంచే చూడండి. ఎనిమిది కిలోమీటర్ల దూరానికి నేను ముప్పావుగంట తీసుకున్నాను. సాధారణంగా గాలి పడమటి వైపు నుంచి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపున తోసే గాలి. ఇక్కడ కష్టం ముందు, సుఖం తర్వాత.

కిల్‌మర్వీ దగ్గర సైకిలు పెట్టి, టికెట్టు తీసుకుని, కిలోమీటరుకు కాస్త తక్కువ దూరం రాళ్ల బాటన ఎక్కాలి. కోట లోపల అంచున కంచె లేదు, తాడు లేదు. కిందికి చూడాలనిపిస్తే నిలబడి తొంగి చూడకండి, అంచుకు చాలా ముందే బోర్లా పడుకుని పాకండి. నవ్వులాటకు చెప్పడం లేదు, అక్కడ గాలి ఒక్కసారిగా తిరుగుతుంది. స్వీయచిత్రం కోసం వెనక్కి వెనక్కి అడుగులు వేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జనం ఎక్కడం మొదలవగానే మీరు దిగిపోండి. గోర్ట్ న గాపల్ అనే చిన్న పల్లె మీదుగా పోల్ న బేష్త్‌కు కాలిబాట ఉంది. పురుగు మడుగు అని అర్థం. సముద్రపు ఒడ్డు రాతిపలక మధ్య కొలతపెట్టి కోసినట్టున్న దీర్ఘచతురస్రపు మడుగు. మనిషి చెక్కినది కాదు, రాయి దానంతట అదే అలా విరిగింది. అలలు పోటుగా ఉన్న రోజు పైనుంచే చూడండి, కింది పలక మీదికి దిగవద్దు. పలక తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందన్నమాట.

మధ్యాహ్నం రోడ్డంతా మినీబస్సులే. ఆ వేళ కిల్‌మర్వీ తెల్లటి ఇసుక మీద కూర్చుని పొట్లం విప్పుకుని తినండి, లేదా హాస్టలుకు వచ్చి ఒక కునుకు తీయండి. అయిదు దాటాక దీవి మళ్లీ మీ సొంతం.

తిరుగు ప్రయాణం

మూడో రోజు ఉదయపు పడవకు ముందు మంచం గలీబులు తీసి చెప్పిన చోట వేయండి, తాళం ఊడదీసుకోవడం మరవకండి. చెత్త కూడా పడవెక్కే బయటికి వెళ్లాలి, కాబట్టి ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ మీతోనే గాల్వేకు తెచ్చుకుంటే మేలు. మిగిలిన బియ్యం, ఉప్పు, నూనె వంటగదిలో ‘ఎవరైనా తీసుకోవచ్చు’ అని రాసి ఉన్న అరలో పెట్టండి. నేను పెట్టిన అరకిలో సోనామసూరి ఏ జర్మనీ సైకిలువాడి గిన్నెలో ఉడికిందో తెలియదు. ఆవకాయ సీసా మాత్రం మూత బిగించి, రెండు కవర్లు చుట్టి, సంచిలో నిలువుగా పెట్టండి. పడవ ఒక్కసారి వంగిందంటే బట్టలన్నిటికీ నూనె పడుతుంది.